ఊరూ వాడా ఎదురెదురుగా కూర్చుంటే: సంభాషణ వలయం నడపాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో అగ్రకులాలవాళ్ళు ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ దాడికి దారితీసిన గొడవ ముందురోజు మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. గేదెకు తాగించిన బకెట్టును తాగే నీళ్ళలో కడగొద్దని అడ్డుపడినందుకు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అంతకు నెల ముందు అక్కడ రాజుకున్న తగవు సినిమా హాల్లో కాలు తగిలిందని. మాట్లాడుకుని ఉంటే ఇవి జరిగేవి కావని ఎవరైనా అంటే నమ్మకండి. వాటి వెనక భూమి ఉంది, పెత్తనం ఉంది, వాడ పిల్లలు చదువుకుని తలెత్తి నడుస్తున్నారన్న కంటగింపు ఉంది. అయితే చెరువుగట్టు, సినిమా హాలు, టీ కొట్టు, శ్మశానం దారి లాంటి మామూలు చోట్లే ఏళ్ళ తరబడి అవమానం పేరుకునేది. ఆ చోట్ల గురించి ఊళ్ళో ప్రతి ఇంట్లో మాట్లాడుకుంటారు, ఎదురెదురుగా మాత్రం మాట్లాడుకోరు. మాట్లాడాల్సి వచ్చే సరికి గొడవ అయిపోయి ఉంటుంది, పెద్దలు అరుగు మీద కూర్చుని ఉంటారు, వాడవాళ్ళు చేతులు కట్టుకుని కింద నిలబడి ఉంటారు.

గొడవ లేని రోజుల్లోనే, ఒకే ఎత్తులో కూర్చుని, తీర్పు భయం లేకుండా రెండు పక్కలవాళ్ళూ మాట్లాడుకునే ఏర్పాటును సంభాషణ వలయం అంటున్నాను. పన్నెండు నుంచి పదహారు మంది, పదిహేను రోజులకోసారి, మొత్తం ఆరు విడతలు. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. వలయంలో ఎవరు నోరు విప్పుతారన్నది అక్కడ అడిగే ప్రశ్నల కన్నా ముందే తేలిపోతుందని నా గట్టి నమ్మకం. కుర్చీ ఎవరికి వేశారు, నీళ్ళు ఎవరు తెచ్చారు, ఎవర్ని ఏమని పిలిచారు అన్నవి దాన్ని తేలుస్తాయి. అందుకే ఈ మార్గదర్శిలో మాటల కన్నా ఏర్పాట్ల గురించి ఎక్కువ ఉంటుంది.

పెట్టకూడని సమయం

ఊళ్ళో దాడి జరిగిన తర్వాత, వాడను వెలివేసి పనులకు పిలవడం మానేసిన సమయంలో, కేసు నడుస్తున్నప్పుడు వలయం పెట్టకండి. అప్పుడు కావాల్సింది చట్టం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చే నేరాలు ఊరి పెద్దలు కూర్చుని మాఫీ చేయగలిగేవి కావు. 2015 సవరణ తర్వాత సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ విధించడమే కాదు, విధిస్తామని బెదిరించడం కూడా నేరమే. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే 14566 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబరు మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. శాంతి కమిటీ పేరుతో దెబ్బలు తిన్నవాళ్ళని పిలిచి, "పోనీలే, రేపు మళ్ళీ ఒక ఊళ్ళో బతకాల్సినవాళ్ళం" అనిపించి కేసు నీరుగార్చడం చాలాచోట్ల జరిగేదే. మీ వలయానికి అలాంటి వాసన తగిలిందంటే వాడ మళ్ళీ మీ గడప తొక్కదు, తొక్కకూడదు కూడా.

ఇంకో హెచ్చరిక. రెండు వర్గాలు స్నేహంగా కలుస్తున్నకొద్దీ అణగారిన పక్కనున్నవాళ్ళకు తమకు జరుగుతున్న అన్యాయం కాస్త మసకబారి కనిపిస్తుందని, పై పక్కవాళ్ళు మాత్రం ఏమీ వదులుకోరని సామాజిక మనస్తత్వ శాస్త్రంలో పరిశోధనలు ఉన్నాయి. కాబట్టి వలయం ఎంత ఆప్యాయంగా సాగిందన్నది కొలబద్ద కాదు. ఊళ్ళో ఏం మారిందన్నదే కొలబద్ద.

పంచాయతీ ఎన్నికలకు ఆరు నెలల ముందు నుంచి కూడా మొదలుపెట్టకండి. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నా ఓట్ల లెక్కలోకి పోతుంది.

నడిపేది ఇద్దరు

ఒక్కరు నడిపితే వాళ్ళది ఏ కులమైతే వలయం ఆ కులానిదవుతుంది. ఊరి నుంచి ఒకరు, వాడ నుంచి ఒకరు, అందులో కనీసం ఒకరు స్త్రీ. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, రిటైరైన పంతులు, డ్వాక్రా సంఘంలో పేరున్న లీడరు లాంటివాళ్ళు పనికొస్తారు. సర్పంచ్, పార్టీ మండల నాయకుడు, పాస్టరు, పూజారి వద్దు. వాళ్ళు మంచివాళ్ళు కాకపోవడం వల్ల కాదు, వాళ్ళ ముందు జనం తమ మాట మాట్లాడరు, వాళ్ళకు నచ్చే మాట మాట్లాడతారు. వడ్డీకి డబ్బులు తిప్పేవాళ్ళు అసలే వద్దు.

ఈ ఇద్దరూ ముందు తమలో తాము మాట్లాడుకోవాలి. ఒకరింట్లో ఒకరు భోజనం చేశారా? చేయకపోతే ఎందుకు? ఆ మాట తెగకుండా వలయంలోకి అడుగుపెడితే మొదటి గంటలోనే అందరికీ తెలిసిపోతుంది. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి సహపంక్తి భోజనాలు నడిపినప్పుడు ఉపన్యాసం కన్నా విస్తరినే ఎందుకు నమ్ముకున్నారో ఆలోచించండి. పక్కపక్కన కూర్చుని తినడంలో దాపరికం కుదరదు.

నెల రోజులు ఇంటింటికీ

మొదటి సమావేశానికి ముందు పని మూడొంతులు అయిపోవాలి. కనీసం ముప్ఫై మందిని ఒక్కొక్కరిగా, వాళ్ళిళ్ళకే వెళ్ళి కలవండి. గుంపులో అడగొద్దు, ఫోన్లో అడగొద్దు. అడగాల్సినవి ఇలా ఉంటే చాలు: ఈ ఊళ్ళో మీకు నచ్చేదేంటి? ఏ దారిన వెళ్ళాలంటే మనసొప్పదు? అవతలి పక్కవాళ్ళు మీ గురించి ఏమనుకుంటున్నారని మీకనిపిస్తుంది? వాళ్ళ గురించి మీకు తెలియనిది, తెలుసుకోవాలని ఉన్నది ఏమైనా ఉందా?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఎవర్ని పిలవాలో తెలుస్తుంది. "వాళ్ళ గురించి నాకు తెలియందేముంది" అనేవాళ్ళని మొదటి వలయానికి పిలవకండి. అలాగని మెతకవాళ్ళని మాత్రమే ఏరుకుంటే ఊరు నమ్మదు. ఖచ్చితంగా మాట్లాడతారు కానీ ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగగలరు, అలాంటివాళ్ళు కావాలి.

వాడలో ఇంకో పని కూడా ఉంది. పిలిచినవాళ్ళందరినీ ముందు విడిగా ఒకసారి కూర్చోబెట్టండి. ఏం చెప్పుకోవాలి, ఏది ఇప్పుడే చెప్పకూడదు, ఎవరికైనా కష్టమనిపిస్తే ఎవరు తోడు లేవాలి అన్నది వాళ్ళే అనుకోవాలి. ఊరివాళ్ళతో కూడా విడిగా కూర్చోండి కానీ అక్కడ మాట వేరు: "మీరు వినడానికి వస్తున్నారు. విన్నది నచ్చకపోవచ్చు. మీ తాతలు చేసినదానికి మిమ్మల్ని బోనులో నిలబెట్టరు, కానీ ఇప్పుడు జరుగుతున్నదాని గురించి తప్పక అడుగుతారు."

ఎవరి పక్కన ఎవరు

ఒక వర్గం నుంచి ఒక్కరినే పిలవడం అన్నిటికన్నా అన్యాయం. పద్నాలుగు మందిలో ఒకే ఒక్క యానాదో, ఒకే ఒక్క ముస్లిం స్త్రీయో ఉంటే ఆమె తన జాతి మొత్తానికీ జవాబు చెప్పాల్సి వస్తుంది. ఏ వర్గం నుంచైనా కనీసం ముగ్గురు ఉండాలి. సగం మంది స్త్రీలు ఉండాలి. ఇరవై ఐదేళ్ళ లోపువాళ్ళు ముగ్గురు నలుగురైనా ఉండాలి, ఎందుకంటే వాట్సాప్ గ్రూపుల్లో కులం పేరుతో స్టేటస్‌లు పెట్టుకునేది ఎక్కువగా వాళ్ళే.

వాడ మొత్తం ఒకటే అనుకోవద్దు. మాలలు, మాదిగల మధ్య పాత దూరం ఉంది. ఎస్సీ రిజర్వేషన్‌ను అందులోని కులాలవారీగా పంచే వర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పాక ఆ మాట చాలా ఊళ్ళలో మళ్ళీ వేడెక్కింది. ఊరు కూడా ఒకటి కాదు. భూమి ఉన్న కాపు, చాకలి, మంగలి, కంసాలి అందరూ ఒక పక్క కూర్చున్నా ఒకేలా కూర్చోరు. మంగలి షాపులో ఎవరికి గడ్డం గీస్తారు, ఎవరికి గీయరు అన్న ప్రశ్న వస్తే ఆ షాపతను ఎవరి కోపానికి భయపడి అలా చేస్తున్నాడో కూడా వినాలి.

ఇక ఒక నియమం మాత్రం తప్పొద్దు. ఆసామి, అతని దగ్గర పనిచేసే మనిషి ఒకే వలయంలో ఉండకూడదు. అప్పిచ్చినవారు, అప్పు తీసుకున్నవారు కూడా అంతే. కౌలుకిచ్చిన రైతు ఎదుట కౌలుదారు ఎంత నిజం మాట్లాడతాడు? రేపు పొద్దున నాట్లకు పిలుపు రాకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పేర్ల జాబితా రాసుకుని, ఎవరు ఎవరికి బాకీ, ఎవరు ఎవరి పొలంలోకి వెళ్తారు అని గీతలు గీసి చూసుకోండి. గీత కలిసిన చోట ఒక పేరు తర్వాతి వలయానికి జరపండి.

చోటు, వేళ, చాప, నీళ్ళు

రచ్చబండ దగ్గర పెడితే బాగుంటుందని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. దాని మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు దూరంగా గొంతుక్కూర్చోవాలో తరాల నుంచి ఒంటికి అలవాటైన చోటది. గుడి మండపం, చర్చి, సర్పంచ్ ఇంటి వసారా కూడా అంతే. ప్రాథమిక పాఠశాల నయం. తెలంగాణలోనైతే రైతు వేదిక దొరుకుతుంది. బడి ఊరికీ వాడకూ మధ్యలో ఉంటే మరీ మంచిది, లేదంటే ఒకసారి ఊరి పక్క, ఒకసారి వాడ పక్క పెట్టండి. వాడలో పెట్టిన రోజు ఊరి నుంచి ఎవరు వచ్చారు, ఎవరికి హఠాత్తుగా పని పడింది అన్నది రాసుకోవాల్సిన విషయమే.

వేళ కూలికి వెళ్ళేవాళ్ళని బట్టి పెట్టండి. నాట్లప్పుడు, కోతలప్పుడు వద్దు. సాయంత్రం పాలు పోసి, వంట అయ్యేసరికి ఏడున్నర అవుతుంది, ఏడున్నర నుంచి తొమ్మిదింపావు దాకా సరిపోతుంది. ఆదివారం పొద్దున చర్చి, శుక్రవారం మధ్యాహ్నం నమాజు గుర్తుంచుకోండి.

కూర్చోవడం అందరూ చాపల మీద, లేదా అందరూ కుర్చీల్లో. "పెద్దాయనకు మోకాళ్ళ నొప్పి" అని ఒక్క కుర్చీ వేస్తే ఆ కుర్చీ సింహాసనం అవుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఉంటే అందరికీ కుర్చీలు తెప్పించండి. ఊరివాళ్ళ మధ్యకు వాడవాళ్ళు, ఆడవాళ్ళ మధ్యకు మగవాళ్ళు వచ్చేలా ముందే చీటీలు పెట్టి చోట్లు ఇవ్వండి. వదిలేస్తే సగం వలయం ఊరు, సగం వలయం వాడ అవుతుంది.

నీళ్ళ సంగతి దగ్గరగా చూడండి. ఒక కుండ, ఒకే రకం స్టీలు గ్లాసులు, టీ కూడా వాటిలోనే. చాలామంది నిర్వాహకులు గొడవ లేకుండా పోతుందని పేపర్ కప్పులు తెస్తారు. అది టీ కొట్లలో వాడవాళ్ళకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని ప్రశ్నించకుండా పక్కకు తప్పుకోవడమే. వాడి పారేసే కప్పులో ఎవరు తాగారన్న ప్రశ్న రాదు కదా అని టీ కొట్టువాళ్ళు కూడా ఈమధ్య అదే చేస్తున్నారు. నీళ్ళు ముంచి ఇచ్చేది, గ్లాసులు కడిగేది వంతులవారీగా జరగాలి, ఆ వంతు మొదటి రోజే గోడ మీద రాసి అంటించాలి. మొదటి రోజు నీళ్ళు వాడ మనిషి ముంచి ఇవ్వాలి, గ్లాసులు ఊరి మనిషి కడగాలి. ఒక ఊళ్ళో నేను చూశాను. గ్లాసు అందుకున్న పెద్దావిడ తాగకుండా పక్కన పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు కూడా. మూడో విడతకు ఆమే చెయ్యి చాపి, "ఇంకో గ్లాసు పొయ్యమ్మా, మిరపకాయ కూర తిని వచ్చాను" అంది. అనకుండా ఉండగలగడం నిర్వాహకుడికి రావాల్సిన పనితనం.

ఖర్చు అందరిదీ. మనిషికి పది రూపాయలు వేసుకుంటే టీ, బిస్కెట్లు వస్తాయి. నాయకుడెవరైనా "నేను పెట్టుకుంటాలే" అంటే నమస్కారం పెట్టి వద్దనండి.

పిలుపులు, కట్టుబాట్లు

కట్టుబాట్లు ఐదారుకు మించొద్దు. మీరు రాసుకెళ్ళి చదవొద్దు, వలయమే పెట్టుకోవాలి. సాధారణంగా ఇవి తేలతాయి: నాకు జరిగింది నేను చెబుతాను, "మీ వాళ్ళంతా" అనను. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు అందుకోరు. చెప్పడం ఇష్టం లేకపోతే "ముందుకెళ్ళండి" అంటే చాలు, కారణం అడగరు. ఫోన్లు ఒక బుట్టలో, రికార్డింగ్ లేదు. విన్న సంగతి బయట చెప్పొచ్చు, చెప్పినవాళ్ళ పేరు చెప్పకూడదు.

మీరు తప్పక పట్టుబట్టాల్సింది పిలుపుల మీద. ఇరవై రెండేళ్ళ కుర్రాడు తన తండ్రి వయసున్న వాడ మనిషిని "ఏరా" అంటాడు, ఆయన "అయ్యా" అంటాడు. ఇద్దరికీ అందులో తప్పేమీ తోచదు. వలయంలో అందరికీ మీరు, గారు. లేదా వయసును బట్టి బాబాయ్, పిన్ని, అక్క, అన్న. మొదటి రోజు నాలుక తిరగక ఆ కుర్రాడు పేరు దగ్గర ఆగిపోతాడు. ఆగనివ్వండి. మీరు అందించకండి. ఆ రెండు సెకన్ల నిశ్శబ్దంలో తనేం చేస్తూ వచ్చాడో అతనికి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. బయటికి వెళ్ళాక మళ్ళీ "ఏరా" అంటే, ఆరో విడతలో దాని గురించే అడగొచ్చు.

మాట వంతు ఎవరిదో తెలియడానికి చేతిలో ఒక వస్తువు తిప్పుతారు. కర్ర వద్దు, అది కాపలాదారుది. కండువా వద్దు, పెద్దల ముందు భుజం మీద నుంచి తీయించిన కండువాలు ఇంకా గుర్తున్న వాళ్ళున్నారు. పిల్లల రబ్బరు బంతి సరిపోతుంది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించాలి, విసరకూడదు.

ఆరు విడతలు

మొదటి విడత తేలిగ్గా పోనివ్వండి. పేరు, ఈ ఊళ్ళో చిన్నప్పుడు ఇష్టమైన చోటు, అంతే. మనిషికి మూడు నిమిషాలు. బావి, చింతతోపు, తెలంగాణలోనైతే పీర్ల పండుగ నాటి అలావ గుండం, రేడియో ఉన్న పంచాయతీ ఆఫీసు అన్నీ వస్తాయి. ఇష్టమైన చోటే చెబుతూ ఎవరో ఒకరు "కానీ లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు" అంటారు. దాన్ని పట్టుకుని లాగకండి. రాసుకోండి.

రెండో విడతే నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది. బడి ఆవరణలో ముగ్గుపిండితో ఊరి పటం గీయించండి. ఊరివాళ్ళు, వాడవాళ్ళు కలిసి ఒకటే పటం. ఇళ్ళు, బడి, గుడి, చర్చి, మసీదు, బోర్లు, వాటర్ ట్యాంకు, చెరువు, టీ కొట్లు, రేషన్ షాపు, శ్మశానాలు. ఆ తర్వాత ఒక్కొక్కరికి మూడు రకాల గింజలు ఇవ్వండి. ధైర్యంగా వెళ్ళే చోట కందిపప్పు, వెళ్తారు కానీ మనసులో ఇబ్బందిగా ఉండే చోట మినుములు, అసలు వెళ్ళని చోట చింతగింజలు. ఎవరూ మాట్లాడకుండా పెట్టాలి. పది నిమిషాల తర్వాత అందరూ లేచి పటం చుట్టూ తిరిగి చూడాలి.

అక్కడ బయటపడేవి మీరు ప్రశ్నలతో రాబట్టలేనివి. చీకటి పడ్డాక బస్టాండు దగ్గర ఊరి ఆడవాళ్ళూ వాడ ఆడవాళ్ళూ ఇద్దరూ చింతగింజలే పెట్టి ఉంటారు. రెండు పక్కలూ ఒకే గింజ పెట్టారన్న సంగతి వాళ్ళకే ఆశ్చర్యం. గుడి మెట్ల దగ్గర ఒక పక్క కందిపప్పు, ఇంకో పక్క చింతగింజలు. పొలాల మధ్య నుంచి వాడ శ్మశానానికి పోయే డొంక మీద మినుములు, చింతగింజలు కుప్ప పడతాయి. ఆ డొంక ఆక్రమణలో సన్నబడి, వానాకాలం మోకాలి లోతు బురదలో పాడె మోయాల్సి వస్తోందని ఊరి పక్కవాళ్ళలో చాలామందికి నిజంగానే తెలియదు. వాళ్ళ శ్మశానానికి సిమెంటు రోడ్డు ఉంది కాబట్టి తెలియాల్సిన అవసరం రాలేదు. ఆక్రమించిన పొలం ఎవరిదన్నది ఆ రోజు మాట్లాడొద్దు. పటాన్ని ఫొటో తీసి ఉంచండి, మనుషులు లేకుండా.

మూడో విడతలో కథలు. "కులవివక్ష గురించి మీ అభిప్రాయం" అని అడిగితే టీవీ చర్చ వస్తుంది. "ఈ ఊళ్ళో మిమ్మల్ని నొప్పించిన ఒక మాట, మిమ్మల్ని నిలబెట్టిన ఒక మనిషి" అని అడిగితే బతుకు వస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా వ్యతిరేక ఉద్యమం రాజుకున్నది రాత్రి బడుల్లో ఆడవాళ్ళు ఒక పల్లె స్త్రీ కథను పాఠంగా చదివి, అది తమ ఇంటి సంగతేనని మాట్లాడుకోవడం వల్ల. మద్యం వల్ల నష్టాలేంటని ఉపన్యాసం చెప్పి ఉంటే ఇళ్ళకు వెళ్ళి పడుకునేవారు.

నాలుగో విడతలో కష్టమైన సంగతి ఒక్కటి తీసుకోండి. పటంలో బయటపడినదే అయితే మంచిది. లోపలి వలయంలో వాడవాళ్ళు మాత్రమే కూర్చుని ఆ విషయం తమలో తాము మాట్లాడుకుంటారు, ఊరివాళ్ళు బయటి వలయంలో నోరెత్తకుండా వింటారు. ఇరవై ఐదు నిమిషాలు. తర్వాత బయటివాళ్ళు తాము విన్నది తిరిగి చెప్పాలి, జవాబు కాదు, విన్నది. "మీరన్నది ఇదేనా?" అని అడగాలి. "ఇది కాదు" అంటే మళ్ళీ చెప్పాలి. ఆ తర్వాత చోట్లు మారాలి. సమర్థించుకోకుండా వినడం ఎంత కష్టమో ఈ రోజు తెలుస్తుంది. ఈ విడత తర్వాత ఒక వారంలోపు ప్రతి ఒక్కరి ఇంటికీ వెళ్ళి పలకరించండి, తప్పకుండా.

ఐదు, ఆరు విడతల్లో పని. దాని గురించి కింద.

మాట వేడెక్కినప్పుడు

"ఇప్పుడెక్కడుందండీ కులం? మా ఇంట్లో అందరూ తింటారు." ఈ మాట తప్పక వస్తుంది. వాదించొద్దు. "ఎక్కడ కూర్చుని తింటారు? తిన్న కంచం ఎవరు తీస్తారు? కొంచెం చెప్పండి" అని అడగండి. వివరం చెబుతూ చెబుతూ మనిషి తనే ఆగుతాడు.

"అట్రాసిటీ కేసు పెడతామని బెదిరిస్తారు." దీన్ని కొట్టిపారేయకండి, ఒప్పుకోకండి. "మీకు తెలిసి, ఈ ఊళ్ళో, ఎవరి మీద, ఏ విషయంలో?" అని అడగండి. విన్నవి, వాట్సాప్‌లో చదివినవి పక్కకు పోతాయి. నిజంగా ఒక సంఘటన ఉంటే అది వినాల్సిందే. ఆ వెంటనే వాడ వైపు తిరిగి, స్టేషన్ మెట్లెక్కడం ఎంత కష్టమో చెప్పగలిగేవాళ్ళుంటే చెప్పమనండి.

రిజర్వేషన్ల వాదన మొదలైతే ఆ రాత్రి ఇంకేమీ జరగదు. "ఇది ఈ వలయం తేల్చేది కాదు. మీ ఇంట్లో ఎవరు ఎంతవరకు చదివారు, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఒక్కొక్కరూ అది చెప్పండి" అని తిప్పండి. ఇద్దరు ముగ్గురి చదువు ఎకరం అమ్మితే గానీ సాగలేదని, ఇంకొకరిది అమ్మడానికి ఎకరమే లేక ఆగిందని పక్కపక్కనే వినిపిస్తాయి.

ఎవరైనా ఏడిస్తే నీళ్ళిచ్చి ఆగండి. "ఊరుకో" అనొద్దు. లేచి వెళ్ళిపోతే ఇద్దరు నిర్వాహకుల్లో ఒకరు వెంట వెళ్ళాలి, ఇంకొకరు వలయంతోనే ఉండాలి. కులం పేరుతో తిట్టు పడితే వలయం అక్కడితో ఆపేయండి. తిట్టు తిన్న మనిషిని విడిగా కలిసి, ఏం చేయాలనుకుంటే దానికి తోడుంటామని చెప్పండి, స్టేషన్‌కే వెళ్ళాలనుకుంటే స్టేషన్‌కే. తిరిగి కూర్చోవడమా లేదా అన్నది పూర్తిగా ఆ మనిషి ఇష్టం.

అమెరికాలోని బోస్టన్ దగ్గర 1994 డిసెంబరు 30న రెండు గర్భస్రావ క్లినిక్‌లలో కాల్పులు జరిగి ఇద్దరు స్త్రీలు చనిపోయాక, ఆ విషయంలో బద్ధ విరోధులైన రెండు పక్కల నుంచి ఆరుగురు మహిళా నాయకులు రహస్యంగా కలవడం మొదలుపెట్టారు. నాలుగుసార్లు కలుద్దామనుకున్నారు, ఐదేళ్ళకు పైగా కలిశారు. ఒక్కరి అభిప్రాయం కూడా మారలేదు. బయట తాము వాడే భాష మారింది, రెచ్చగొట్టే మాటలు తగ్గించారు. ఈ సంగతి వలయంలో చెప్పండి. మనసులు మార్చేయాలన్న తొందర మీకూ తగ్గుతుంది.

కలిసి చేసే పని

1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త చెప్పిన మాట ఇప్పటికీ నిలుస్తోంది: వర్గాలు కలిసినంత మాత్రాన ద్వేషం తగ్గదు, ఆ కలయికలో సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైనున్న వ్యవస్థ మద్దతు ఉండాలి. మాట్ లో అనే ఆర్థికవేత్త 2017లో ఉత్తరప్రదేశ్ పల్లెల్లో వెయ్యి మందికి పైగా యువకులతో క్రికెట్ లీగులు పెట్టి దీన్ని పరీక్షించాడు. వేర్వేరు కులాలవాళ్ళు ఒకే టీంలో ఆడినప్పుడు కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదురెదురు టీముల్లో తలపడినవాళ్ళలో ఆ ఫలితం రాలేదు, కొన్ని విషయాల్లో తిరగబడింది కూడా. మీ ఊళ్ళో సంక్రాంతికి ఊరి టీం, వాడ టీం అని పోటీలు పెడుతుంటే ఈ ఏడు మార్చండి.

ఐదో విడతలో పటం మళ్ళీ తీసి, మూడు నెలల్లో అయ్యే ఒక్క పని ఎంచుకోండి. బస్టాండు దగ్గర లైటు, ట్యాంకు కింద బురద, బడి మరుగుదొడ్డి, డొంక కొలతలు. అందరికీ సుఖంగా ఉండే పనినే ఎంచుకోవాలన్న తపన వస్తుంది. లైటుతో మొదలుపెట్టినా తప్పులేదు గానీ, రెండో పని మాత్రం వాడ అడిగినదే కావాలని ఆ రోజే రాసుకోండి. డొంక విషయమైతే తహశీల్దారుకు పెట్టే అర్జీ మీద రెండు పక్కల సంతకాలూ ఉండాలి, సర్వేయర్ వచ్చిన రోజు రెండు పక్కలవాళ్ళూ గట్టు మీద నిలబడాలి. ఆక్రమించిన రైతు వలయంలోనివాళ్ళకు చుట్టమైతే ఆ సంతకం విలువ ఎంతో ఊరందరికీ తెలుస్తుంది.

ఆరో విడత గ్రామసభకు ముందు. ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది ఖాయం చేసుకోండి. ఇంకో వేదిక కూడా ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి నెలా 30న మండలంలో ఒక ఊళ్ళో అంటరానితనం గురించి మాట్లాడే పౌర హక్కుల దినం జరపాలి, తహశీల్దారు, ఎస్సై రావాలి. చాలాచోట్ల ఫొటో దిగి వెళ్ళిపోతారు. మీ ఊరి వంతు వచ్చినప్పుడు ముగ్గుపిండి పటం ఫొటో పట్టుకుని వలయం మొత్తం వెళ్ళండి. "మా ఊళ్ళో అంటరానితనం లేదు" అని రాసుకుపోవడం అప్పుడు అంత తేలిక కాదు.

పట్నంలోనైతే

పట్నంలో ఇరుగుపొరుగు పలకరింపులు అల్లర్లను ఆపలేవు, దానికి కట్టుదిట్టమైన సంఘాలు కావాలి. మహారాష్ట్రలోని భివండిలో 1970లోనూ 1984లోనూ ఘోరంగా మత ఘర్షణలు జరిగాయి. 1988లో అక్కడికి వచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే పేటపేటకూ హిందువులు, ముస్లింలు కలిసిన మొహల్లా కమిటీలు వేయించి, మామూలు రోజుల్లోనే క్రమం తప్పకుండా కూర్చోబెట్టాడు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో పక్కనే ముంబయి తగలబడుతుంటే భివండి ప్రశాంతంగా ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో గానీ, మత ఘర్షణలు చూసిన భైంసా లాంటి ఊళ్ళో గానీ వలయం పెట్టేవాళ్ళు ఊరేగింపు దారులు, లౌడ్‌స్పీకర్లు, వదంతి పుడితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి మొదటి మూడు విడతల్లోకే తేవాలి. ఆ ఫోన్ నంబర్ల కాగితం పండుగకు వారం ముందే అందరి దగ్గరా ఉండాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనైతే మొదటి పటం లిఫ్టుల గురించి గీయించండి: పనిమనుషులు ఏ లిఫ్టు ఎక్కుతారు, ఏ బాత్రూమ్‌కు వెళ్తారు, వాచ్‌మన్ కుటుంబం పిల్లలు పార్కులో ఆడతారా?

మూడు నెలల తర్వాత

మళ్ళీ అందరి ఇళ్ళకూ వెళ్ళండి, ఈసారి నోట్‌బుక్‌తో. టీ కొట్టులో గ్లాసులు మారాయా? వలయంలో కూర్చున్నవాళ్ళు ఒకరింటి పెళ్ళికి ఒకరు వెళ్ళారా, వెళ్తే ఏ పంక్తిలో తిన్నారు? డొంక కొలిచారా? ఎవరైనా ఎవరినైనా మళ్ళీ "ఏరా" అన్నారా, అంటే పక్కనున్నవాళ్ళెవరైనా ఆపారా? వలయంలో మాట్లాడినందుకు ఎవరికైనా కూలి పిలుపు ఆగిపోయిందా? ఈ ఆఖరి ప్రశ్నకు ఒక్కరు అవునన్నా రెండో వలయం పెట్టడానికి ముందు ఆ ఇంటి సంగతి చూడాలి. ఊరి నుంచి వలయంలో కూర్చున్నవాళ్ళే వెళ్ళి ఆ ఆసామితో మాట్లాడాలి. దారికి రాకపోతే ఆ కుటుంబం వెంట స్టేషన్‌కు నడవాల్సింది కూడా వాళ్ళే.

అన్నీ సవ్యంగా ఉంటే రెండో వలయానికి నిర్వాహకుల్ని మొదటి వలయంలోంచే ఎంచుకోండి. గ్లాసుల పెట్టె, రబ్బరు బంతి, పటం ఫొటో వాళ్ళకు అప్పజెప్పి మీరు పక్కకు జరగండి.